కోడికూర మీద పడిన నింద

కరోనా రెండో విడత సద్దుమణిగిన ఏడాది, వానాకాలంలో నన్ను మార్కాపురంలోని ఒక ప్రైవేటు ఆస్పత్రి డే కేర్ వార్డుకు మార్చారు. ఐదు మంచాల గది. పొద్దున వచ్చిన రోగి క్యాన్సర్ మందు ఎక్కించుకుని సాయంత్రం బస్సుకు వెళ్లిపోతాడు. నేను స్టాఫ్ నర్సును. నా పైన ఇన్‌ఛార్జి సిస్టరు, ఆమె పైన వారానికి రెండు రోజులు వచ్చే క్యాన్సర్ డాక్టరు. పాప పుట్టాక ఆ ఉద్యోగం మానేశాను. చేసింది నాలుగేళ్లే అయినా, ఒక కుటుంబం గురించి రాసి పెట్టాలనిపిస్తుంది.

యేసుదానం పెద్దారవీడు దగ్గరి పల్లె నుంచి వచ్చేవాడు. మిరప కోతలకు, గొర్రెల కాపుకు కూలికి పోయే మనిషి. మెడలో గడ్డలు లేస్తే, చిన్న ముక్క తీసి చేసిన పరీక్షలో లింఫోమా అని తేలింది. తెల్ల రక్తకణాల్లో ఒక రకానికి వచ్చే క్యాన్సర్ అది. కీమోతో పాటు యాంటీబాడీ మందు కూడా రాశారు. ఈ మందు రోగకణం పైన ఉండే సీడీ ట్వంటీ అనే గుర్తును వెతికి అంటుకుంటుంది. అంటుకున్న కణాన్ని ఒంట్లోని రక్షక కణాలు వచ్చి చంపుతాయి. ఎక్కించడం ఓపిక పని. ముందు జ్వరం, దద్దుర్లు రాకుండా ఇంజెక్షన్లు ఇవ్వాలి. తర్వాత పంపులో చాలా నెమ్మదిగా మొదలుపెట్టి, బీపీ చూసుకుంటూ కొంచెం కొంచెంగా వేగం పెంచాలి. చలి పుట్టిందంటే వెంటనే ఆపాలి.

ఆయన వెంట భార్య మరియమ్మ, కోడలు రూతు వచ్చేవారు. రూతుకు ఐదు నెలల కూతురు. పసిపిల్లలను వార్డులోకి రానివ్వం కాబట్టి ఆమె గుమ్మం బయట వరండాలో కూర్చునేది.

మూడో విడత మందుకు గడ్డలు చేతికి తగలకుండా పోయాయి. ఐదో విడతకు మెడ మీద నిమ్మకాయంత గడ్డ మళ్లీ లేచింది. నేను పొరపాటు చేసింది ఆ రోజే. మందుకు ముందు నింపే ఫారంలో జ్వరం, విరేచనాలు, తిండి అని వరసగా ప్రశ్నలుంటాయి. గడ్డ మీద నుంచి వేళ్లు తీయకముందే, అలవాటుగా, ఈ వారం ఏం పెట్టారని అడిగాను.

మరియమ్మ చటుక్కున వరండా వైపు తిరిగింది. "ఇన్నావా, సిస్టరమ్మ ఏం అడుగుతా ఉందో! కోడికూర వేడి చేస్తాది, పెట్టొద్దని మొత్తుకున్నా గదా."

"మామే అడిగినాడత్తా, నోరు చప్పగా ఉందని," అంది రూతు.

"అడిగితే ఏదన్నా పెడతావా?"

"కోడి సచ్చింది సాలదా, దాని మీద కేసు గూడా ఏందే," అన్నాడు యేసుదానం. ఎవరూ నవ్వలేదు.

డాక్టరు ఆ రోజు మందు ఆపించారు. గడ్డలోంచి కొత్త ముక్క తీసి, గుర్తు ఇంకా ఉందో లేదో చూడాలన్నారు. మొదటి ముక్కలో ఉంది కానీ, అది ఇప్పటి గడ్డకు సాక్ష్యం కాదన్నారు. మరియమ్మ ఒప్పుకోలేదు. తప్పు పథ్యం దగ్గర జరిగింది, చప్పిడి కూడు పెడతాను, ముందు బాగా పని చేసిన మందే మళ్లీ ఇవ్వండి అంది. ముక్క తీస్తే రోగం పాకుతుందని కూడా ఆమె భయం. ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టకుండానే వెళ్లిపోయారు.

డాక్టరు మళ్లీ వచ్చే రోజుకు వాళ్లూ వచ్చారు. గడ్డ పెరిగింది. వరండాలో పాప ఏడుస్తోంది. పాలు తగ్గాయని, ముద్ద దిగడం లేదని రూతు నాతో మెల్లగా చెప్పింది. "మామకేమన్నా అయితే నేనే సంపినట్టు గదా అక్కా," అంది. అప్పటికి నాకు ఐదో నెల.

ఇన్‌ఛార్జి సిస్టరును అడిగి, ముగ్గురినీ వరండాలోనే కూర్చోబెట్టాను. తిండి గురించి అడిగింది విరేచనాల సంగతి తెలుసుకోవడానికనీ, గడ్డకూ దానికీ సంబంధం లేదనీ, అప్పుడు అలా అడగడం నా తప్పేననీ మరియమ్మకు ముందుగా చెప్పాను. తర్వాత యేసుదానం వైపు తిరిగాను.

"పెదనాయనా, మందలో ఎర్ర రంగు పూసిన గొర్రెల్ని మాత్రమే తోలుకు రమ్మంటే ఏం చేస్తావు?"

"రంగున్నయి తోలకొస్తా. లేనియి ఆడనే మేస్తా ఉంటయి."

"మందు కూడా అంతే. రంగు లేని కణాలు దానికి కనపడవు."

ఆయన మెడ మీది గడ్డను తడుముకున్నాడు. "రంగు లేనియి మొదట్నుంచీ ఉన్నయా, నడమ పోయిందా?"

డాక్టర్లు వేసుకునే ప్రశ్నే అది. రెండూ జరుగుతాయని చెప్పాను. గుర్తున్న కణాలు చనిపోతే లేనివి మిగిలి పెరగవచ్చు, గుర్తును కణమే వదిలేసుకోనూ వచ్చు. కొందరిలో గుర్తు ఉన్నా, చంపాల్సిన రక్షక కణాలు అలసిపోయి ఉంటాయి. మరికొందరిలో రోగకణం మందుకు దొరికినా చావదు. వీటిలో గుర్తు సంగతి కొత్త ముక్క చూస్తేనే తెలుస్తుంది.

"కోడికూరకు రంగు పోదా?" అని మరియమ్మ అడిగింది.

"పోదు పెద్దమ్మా."

ఆమె నమ్మినట్టు కనపడలేదు. యేసుదానం మాత్రం బొటనవేలు చాపాడు. "ముద్ర ఏయించుకోమ్మా. నా కోడలు కూడు తినాలంటే నా మెడ కోయాల్నంటే, కోయండి."

పెద్ద ల్యాబు నుంచి రిపోర్టు రావడానికి పది రోజులు పట్టింది. ఎక్కువ కణాల మీద గుర్తు లేదు. డాక్టరు యాంటీబాడీ ఆపి వేరే మందులు రాశారు. ఆయన చెప్పిందంతా విని మరియమ్మ ఒకే మాట అడిగింది. "అయితే కూర గాదా సారూ?"

కాదన్నారు డాక్టరు. ఆమె లేచి వరండాలోకి పోయి, రూతు ఒళ్లోంచి మనవరాలిని తీసుకుంది. "పో, ఆ హోటల్లో ఇంత తినిరా పో. మొగం సూడు, ఎట్ల పీక్కపోయిందో." క్షమించమని అడగలేదు. రూతు కూడా ఆ మాట కోసం ఆగలేదు, చెంగుతో మొహం తుడుచుకుని మెట్లు దిగింది.

నేను ప్రసూతి సెలవు పెట్టే నాటికి గడ్డ సగానికి తగ్గింది. ఆ తర్వాతి సంగతి నాకు తెలియదు. ఇప్పుడు మా పాపకు ఒళ్లు కాస్త వెచ్చబడితే నేను కూడా ముందు తలచుకునేది, నిన్న ఏం పెట్టానా అనే. ఇంత చదివి, అంత చూసి కూడా.

మందు ఎందుకు పని చేయలేదో మనం చెప్పకపోతే, ఇంట్లోవాళ్లు తమకు తెలిసిన కారణం ఒకటి పట్టుకుంటారు. ఆ నింద ఎక్కువసార్లు వండి పెట్టిన మనిషి మీదికే పోతుంది. దాంతో చికిత్స కూడా ఆగిపోతుంది. అందుకని గడ్డ తిరిగి వచ్చిందని చెప్పేటప్పుడే, అది తిండి వల్ల కాదని, ఇంటివాళ్లందరూ వినేలా, నర్సు చెప్పాలి.