జర ఆగు అనే ప్రాంప్ట్

మా యూనిక్స్ సార్ పోయారు. కరీంనగర్ బస్టాండులో నిలబడి ఉంటే, ఆయన దగ్గర చదువుకొని ఇప్పుడు ఆయన పనిచేసిన కంప్యూటర్ సెంటర్‌లోనే పాఠాలు చెబుతున్న చొప్పదండి అమ్మాయి కనబడి ఆ మాట చెప్పింది. "సార్, మన సార్ గుండెనొప్పితోని పోయిండ్రు. మీకెవ్వరు చెప్పలేదా?" ఎవరూ చెప్పలేదు. ఆ ప్రైవేటు సెంటర్‌లో ఒకప్పుడు ఆయన యూనిక్స్ అనే కంప్యూటర్ వ్యవస్థ, నేను అకౌంట్స్ చెప్పేవాళ్లం. పక్కపక్క కుర్చీలు మావి.

సెంటర్‌లో సంతాప సభ అంటే వెళ్లాను. వెళ్లకపోయినా బాగుండేది. ఒకే పెద్ద కంప్యూటర్‌కు కలిపిన టెర్మినళ్లన్నీ వెలిగించి పెట్టారు. ఏ తెర చూసినా చుక్కల బార్డరు, పైన యజమాని పేరు, కింద యజమాని అల్లుడి పేరు, ఆ రెంటి మధ్య ఇరుకున మా సార్. ఎవరు లాగిన్ అయినా ముందు ఇదే ప్రత్యక్షం, పైగా కీచుమని ఒక మోత. నాకు ఒళ్లు కంపరమెత్తింది.

ఎందుకంటే సార్ బతికినన్నాళ్లూ అసహ్యించుకున్నది దీన్నే. లాగిన్ కాగానే కనబడే సందేశంలో ఆయన ఒకే ఒక్క వాక్యం రాసేవారు, ఇంగ్లీషు అక్షరాల్లో మన తెలుగు. ఒక రోజు, ప్రింటర్‌లో రిబ్బన్ అయిపోయింది. ఇంకో రోజు, పగటీలి కరెంటు పోతది, మీ పని దాసుకోండ్రి. అంతే. "పని మీద వచ్చినోనికి పనికొచ్చేది చెప్పాలె. పొగడ్తలు గోడ మీద రాసుకోండ్రి" అనేవారు.

ఆజ్ఞ కొట్టే చోట ముందుగా కనబడే ప్రాంప్టులోనూ అంతే. కుర్రాళ్లు తమ పేర్లూ, హీరోల పేర్లూ పెట్టి తెర సగం నింపుకుంటే విసుక్కునేవారు. "నువ్వు ఏ ఫోల్డర్ల ఉన్నవో చెప్పాలె గది. నీ ముచ్చట్లెందుకు?" ఒక్క చోట మాత్రం ఆయనే అలంకారం చేశారు. ఏ ఫైలునైనా చెరిపేయగల రూట్ లాగిన్‌కు 'జర ఆగు' అని ప్రాంప్టు పెట్టారు. ఆ రెండు మాటలు చూశాక చెయ్యి దానంతటదే నెమ్మదించేది.

అల్లుడుగారికి నెమ్మది ఎక్కడిది? చొప్పదండి అమ్మాయి చదువుకునే రోజుల్లో, ఒక ప్రాక్టికల్ పరీక్ష నాడు, బయటి నుంచి ఎగ్జామినర్ వస్తున్నాడని, మామగారిని పొగుడుతూ ఒక ప్రోగ్రాం రాశాడు. దాన్ని అందరి లాగిన్‌కూ వర్తించే స్టార్టప్ ఫైల్లో అతికించాడు. ఆఖర్న 'ఎగ్జిట్' అన్న ఆజ్ఞ తీసేయలేదు. విడిగా నడిపితే ప్రోగ్రాం ముగుస్తుంది. స్టార్టప్ ఫైల్లో ఉంటే మనిషే బయటపడతాడు. పిల్లలు పాస్‌వర్డ్ కొట్టడం, యజమాని భజన కనబడటం, లాగిన్ తెగిపోవడం! పిలిచి దండేసి మెడబట్టి గెంటినట్టు. రూట్‌కూ అదే గతి. పరీక్ష తప్పితే ఏడాది పోతుంది. చొప్పదండి అమ్మాయి గోడకానుకుని ఏడుస్తోంది. "మా బాపు ఇగ బడి బంద్ చేపిస్తడు సార్."

సార్ పొద్దున్నే పరీక్ష ఫైళ్లు సర్దడానికి మూల టెర్మినల్లో రూట్‌గా లాగిన్ అయి కూర్చున్నారు, ఇంకా బయటికి రాలేదు గనుక ఆ ఒక్క లాగిన్ తెగలేదు. పాత స్టార్టప్ ఫైలు నకలు ఎప్పుడూ ఆయన దగ్గర ఉండేది. దాన్ని తిరిగి పెట్టి, పక్క టెర్మినల్లో లాగిన్ అయి చూసుకుని, అప్పుడు లేచారు. ఏ చిన్న మార్పుకైనా ఆయన పద్ధతి అది. "ఒక తలుపు తెరిచి పెట్టుకోని ఇంకో తలుపుకు రంగెయ్యాలె."

యజమాని ఏమన్నాడో తెలుసా? ఎగ్జామినర్ ముందే, "నువ్వు జర చూసుకోవద్దా సార్, ఇజ్జత్ తీస్తివి" అన్నాడు. అల్లుడు అక్కడే నిలబడి మీసం సవరించుకుంటున్నాడు. సార్ మాత్రం "తొవ్వ జరుగుండ్రి, పిల్లలు లోపటికి రావాలె" అన్నారు. అమ్మాయి పాసైంది.

సభలో అదే యజమాని మైకు పట్టుకుని, ఆ రోజు సెంటర్ పరువును తానూ సారూ కలిసి కాపాడామని చెప్పాడు. చప్పట్లు కూడా కొట్టారు. తర్వాత అందరూ సమోసాల మీద పడ్డారు. సిగ్గులేని జనం!

అమ్మాయి మాత్రం మూల టెర్మినల్ దగ్గర కూర్చుంది. సార్ తనకిచ్చిన పాస్‌వర్డ్‌తో రూట్‌గా లోపలికి వెళ్లగానే 'జర ఆగు' కనబడింది. కీబోర్డు మీద చేతులు ఆగిపోయాయి. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"గీ పేర్లు చెరిపితే నౌకరీ తీస్తరేమో సార్" అంది.

"తియ్యనియ్యి బిడ్డా. అట్లాంటోళ్ల కింద నౌకరీ ఉన్నా ఒకటే, పోయినా ఒకటే" అన్నాను.

ముందు ఆ సందేశం ఫైలుకు నకలు తీసింది. చుక్కలూ, మామా అల్లుళ్ల పేర్లూ చెరిపేసి రెండు చిన్న వాక్యాలు కొట్టింది. మూల టెర్మినల్‌ను అలాగే తెరిచి ఉంచి, పక్క టెర్మినల్లో లాగిన్ అయి చూసింది. నల్లటి తెర మీద ఆకుపచ్చగా వచ్చింది:

సార్ ఇగ రారు. ఒక తలుపు తెరిచి పెట్టుకోండ్రి.