చెయ్యి ఇవ్వని తమ్ముడు

ఆమె దర్జీ దుకాణంలో కాజాలు కుడుతుంది. వీధిలో అందరికీ కాజాలక్క. కిటికీ పక్కన స్టూలు, ఒళ్లో ఎవరిదో చొక్కా, వేలికి ఇత్తడి తొడుగు. పగలంతా వంచిన మెడ. సాయంత్రం నదిలో వెల్లకిలా తేలితేగాని అది దారికి రాదు.

పై వంతెన నుంచి ఊరి రేవు దాకా నిరుడే ఈదింది. అది లెక్కలోకి రాలేదు. రేవు మెట్ల దగ్గర కాలు జారింది. పక్కన పడవలో వచ్చిన తమ్ముడు గభాలున దిగి చెయ్యి పట్టుకున్నాడు. నీళ్లు దాటి నిలబడేదాకా ఈదేవాళ్లను ఎవరూ తాకకూడదని ఈత సంఘం నియమం. అది అతనికి తెలుసు. అతని చేతికి తెలియదు. అతను బస్సు కండక్టరు. పరుగెత్తుకొచ్చేవాళ్లను ఫుట్‌బోర్డు మీదికి లాగి లాగి, ఆ చెయ్యి తనంతట తానే ముందుకు వెళ్తుంది.

ఈ ఏడాది మళ్లీ పడవ ఎక్కడానికి అతను ఒప్పుకోలేదు.

"ఇంకెవర్నైనా పెట్టుకో అక్కా. నా చెయ్యి మంచిది కాదు."

"చెయ్యి మంచిదే. బుర్రే లేదు. నా భుజం సంగతి చూస్తున్నావుగా, వచ్చే ఏడాదికి ఇది లేవదు. ఇదే ఆఖరు."

"మరి మళ్లీ నన్నెందుకు?"

"నీ గొంతు వినపడకపోతే నాకు తోచదురా."

తెల్లవారాక వంతెన కింద ఆమె నీళ్లలో దిగింది. పడవ వెనకవైపు, నియమం తప్పకుండా చూడ్డానికి వచ్చిన ఈత సంఘం ఆవిడ గొడుగు వేసుకుని కూర్చుంది. ముందు కూర్చున్న తమ్ముడు అలవాటుగా "రైట్ రైట్!" అన్నాడు. పడవవాడు నవ్వి తెడ్డు వేశాడు.

నదికి తొందర లేదు. ఆమె చేతులకూ లేదు. సూది దిగినట్టు నీళ్లలో దిగి, దారం లాగినట్టు వెనక్కి వస్తున్నాయి. మధ్యలో అతను కర్రకు కట్టిన గ్లాసుతో పంచదార నీళ్లు అందించాడు.

"ఇంకా ఎంత దూరంరా?"

"టికెట్టు తీసుకున్నాక అడక్కూడదు. తాగు."

"తీపి చాల్లేదు."

"నీ మరదల్ని అడుగు. కలిపింది తనే."

మధ్యాహ్నం దాటాక కుడి భుజం మొరాయించింది. ఆమె వెల్లకిలా తిరిగి తేలింది. అతను పడవ అంచు మీదికి వంగాడు. ఈత సంఘం ఆవిడ అతని చేతివైపు చూసింది. అతను ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని, దాని మీద రెండోది పెట్టాడు.

"స్టేజీ రాలేదమ్మా. అప్పుడే దిగకండి."

ఆమె నవ్వబోయి నీళ్లు మింగింది. తిట్టింది. బోర్లా తిరిగి మళ్లీ చెయ్యి వేసింది.

రేవు వచ్చింది. నీళ్లలోని మెట్లు పాచి పట్టి ఉన్నాయి. అతను ముందే దిగి, పడవ పక్కన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. నిరుడు జారిన చోటే ఆమె మళ్లీ జారింది. మోకాళ్ల మీద పడింది. లేవబోయి ఇంకోసారి పడింది.

అతని చేతులు విడిపోయాయి. కుడి చెయ్యి ముందుకు వచ్చింది. ఆమె తలెత్తి దాన్ని చూసింది.

ఆ చెయ్యి పక్కకు తిరిగి పడవను దబదబ బాదింది.

"రైట్ రైట్!"

ఆమె అరచేతులు మెట్టుకు ఆనించింది. ఒక మోకాలు లేచింది. కాసేపటికి రెండోది. నిలబడి, పొడి మెట్టు మీదికి ఎక్కింది. ఈత సంఘం ఆవిడ ఈల ఊదింది.

"ఇప్పుడియ్యరా," అంది ఆమె, చెయ్యి చాపి.

అతను ఇంకా పడవను బాదుతూనే ఉన్నాడు.