ఐదుగురు బౌలర్లు, ఒక హాజరు పట్టీ

ఆ రోజుల్లో నాకు మనుషుల మీద కన్నా గళ్ళ మీద నమ్మకం ఎక్కువ. తెల్ల కాగితం మీద స్కేలు పెట్టి నాలుగు నిలువు గీతలూ పది అడ్డ గీతలూ గీస్తే, ఈ లోకంలో దేన్నయినా అందులో కూర్చోబెట్టవచ్చని గట్టిగా అనుకునేవాణ్ణి. ఇరవై ఏడేళ్ళ వయసు. కువైట్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీలో టైంకీపరు ఉద్యోగం. పొద్దున్నే సైటు గేటు దగ్గర నిలబడి, బస్సు దిగే వాళ్ళలో ఎవరు ఎన్ని నిమిషాలు ఆలస్యమో ఎర్ర సిరాతో రాయడం నా పని. గదికి వచ్చాక డైరీ రాసేవాణ్ణి, అందులోనూ గళ్ళే. మహబూలాలో మా గదిలో ఆరుగురం ఉండేవాళ్ళం. ఎవరు ఎంతసేపు స్నానం చేస్తున్నారో కూడా ఒక నెల రాశాను. (రెండో నెల రాయలేదు. ఆ పేజీలు ఎవరో చింపి ఉల్లిపాయలు తరుక్కోవడానికి కింద పరుచుకున్నారు. ఎవరో నాకు తెలుసు. పట్టీలో ఆయన స్నానమే అన్నిటికన్నా పొడుగు.)

అలాంటి నన్ను మా శుక్రవారం క్రికెట్ జట్టుకు లెక్కలు రాసేవాడిగా పెట్టారు. ఆడటం నాకు చేతకాదు, కానీ ఆటంటే ప్రాణం. బిల్డింగుల వెనక ఇసుక మైదానం, వెల్డరు అతికించి ఇచ్చిన ఇనుప స్టంపులు, టేపు చుట్టిన టెన్నిస్ బంతి. తెల్లవారగానే మొదలుపెట్టి జుమ్మా నమాజు వేళకు ముగించేవాళ్ళు. కెప్టెన్ రాజంపేట మేస్త్రీ అన్న. ఆయన నన్ను పరుగులు రాయమన్నాడు. నేను పరుగులతో ఆగలేదు. జట్టులోని ఐదుగురు బౌలర్ల భవిష్యత్తును అంచనా వేస్తూ డైరీలో ఒక పెద్ద పట్టీ గీశాను. వేగం, గురి, హాజరు, ఇఖామా అనే నివాస పత్రం గడువు, వీసా ఇచ్చిన యజమాని, అంటే కఫీల్ స్వభావం, చివర్లో 'భవిష్యత్తు' అని ఒక వెడల్పాటి గడి. ఏసీ మెకానిక్ పక్కన "వేగం బాగుంది. ఎండాకాలం వస్తే దొరకడు" అని రాశాను. మంగలి పక్కన "గురి ఉంది. శుక్రవారం ఉదయం గిరాకీ కూడా ఉంది" అని రాశాను. కిరాణా కొట్టతని పక్కన "ఇఖామా రెండు నెలల్లో అయిపోతుంది. అంతవరకు ఫరవాలేదు" అని రాశాను. మేస్త్రీ అన్న ఒకసారి నా భుజం మీదుగా తొంగి చూసి, "ఏం సామీ, నువ్వు బౌలర్లను చూస్తాండావా, పెండ్లికొడుకులను చూస్తాండావా?" అన్నాడు.

మిగిలిన ఇద్దరి సంగతే ఈ కథ. ఒకడు మా గదిలోనే ఉండే ఎలక్ట్రీషియన్. వాడు అందరికన్నా ముందు మైదానానికి వెళ్ళి స్టంపులు పాతేవాడు, మమ్మల్ని తలుపులు బాది లేపేవాడు. వాడికి అలారం అని పేరు. రెండోవాడు రాయచోటి భాయ్, ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు. ఎడమచేత్తో నెమ్మదిగా వేసేవాడు. ప్రతి శుక్రవారం మ్యాచ్ మొదలైన ఇరవై నిమిషాలకో అరగంటకో పరిగెత్తుకుంటూ వచ్చేవాడు. అతనికి 'లేటు భాయ్' అని పేరు పెట్టింది ఎవరో కాదు, నేనే. ఆ పేరు అందరి నోటికీ ఎక్కినందుకు ఆ వారం డైరీలో కొంచెం గర్వంగా కూడా రాసుకున్నాను.

నా పట్టీలో ఒక నియమం ఉండేది. ప్రతి ఐదు నిమిషాల ఆలస్యానికి ఒక మార్కు కోత. సైటులో నేను పాటించే నియమమే అది. దాని ప్రకారం అలారం మొదటి స్థానంలో, లేటు భాయ్ ఐదో స్థానంలో ఉన్నారు. అలారం బంతులు సగం వికెట్లకు దూరంగా పోతాయని నాకూ తెలుసు. కానీ వాడి హాజరు గడిలో ఒక్క ఎర్ర చుక్క లేదు. అంత శుభ్రమైన గడిని చూస్తే నాకు కళ్ళు చెమర్చేవి.

ఇలా ఉండగా ఒక లారీల కంపెనీలో డ్రైవర్లందరికీ పెద్దగా ఉండే గోదావరి జిల్లా ఆయన ఒకరు మా మ్యాచ్‌లకు రావడం మొదలుపెట్టారు. వాళ్ళ కంపెనీకీ ఒక జట్టుంది. ఒకరోజు నన్ను పక్కకు పిలిచారు. "ఏవండీ, నాకో డ్రైవరు కావాలండి. బౌలింగు కూడా వచ్చినోడైతే మరీ మంచిదండి. మా డ్రైవర్లకి స్టీరింగు తిరుగుద్దిగానండి, చెయ్యి తిరగదండి. మీరేదో పుస్తకం రాత్తారంట కదా. ఎవడికి ముందు ముందు బాగుంటాదో ఓ కాయితం మీద రాసివ్వండి. పై శుక్రవారం వొచ్చి సూసుకుంటాను." జీవితంలో మొదటిసారి నా గళ్ళను ఒక మనిషి కోరి అడిగాడు. ఆ ఆనందంలో నాకు అన్నం సయించలేదు. మా ఐదుగురిలో లైసెన్సు ఉన్నది ఇద్దరికే. అలారానికి, లేటు భాయ్‌కి.

ఈ సంగతి ఎలా తెలిసిందో, మంగళవారం సాయంత్రం లేటు భాయ్ మా బిల్డింగు కింద కారు ఆపుకుని నా కోసం నిలబడి ఉన్నాడు.

"న్నా, కాయితంలో నా పేరు పైన రాయి న్నా."

"పేరు పైన రాయడం నా చేతిలో లేదు భాయ్. మార్కులను బట్టి వస్తుంది."

"కూతురు పుట్టినాక నేను ఊరికి పోలేదు న్నా. ఇంటి డ్రైవరుకు సెలవ మూడేండ్లకు ఒకతూరి. కంపెనీలో అయితే ఏడాదికొకతూరి ఇస్తారంట. పాప నడస్తాందంట. మొన్న క్యాసెట్టు పంపినారు, అందులో గజ్జెల సద్దు ఇనపడింది."

ఆ గజ్జెలు నాకూ వినిపించినట్టయింది. కానీ టైంకీపరుకు చెవి వేరు, పెన్ను వేరు. "మరి టైముకు రావచ్చు కదా?" అన్నాను.

"ఆ లేటు నా చేతిలో లేదు న్నా."

"మరెవరి చేతిలో ఉంది?"

అతను కాసేపు కారు అద్దం తుడిచాడు. "ఇంటోళ్ళ సంగతి బయట చెప్పగూడదు న్నా. డ్యూటీ అనుకో."

"డ్యూటీ అందరికీ ఉంది భాయ్," అన్నాను. (ఇప్పుడు తలచుకుంటే ఆ వాక్యానికి నాకు నేనే ఎర్ర చుక్క పెట్టుకోవాలనిపిస్తుంది.) నా పట్టీలో ఆలస్యం ఎంత అన్న గడి ఉంది గానీ ఎందుకు అన్న గడి లేదు. సైటు పట్టీలో కూడా ఉండేది కాదు. ఎందుకు అని అడగడం మొదలుపెడితే గీతలు చాలవని మా ఆఫీసులో నమ్మకం.

గురువారం సాయంత్రం కాగితం ఇచ్చేశాను. రెండు పేజీలు, కింద సంతకం. ఒకటో స్థానం అలారం: 'మంచి భవిష్యత్తు ఉంది.' ఐదో స్థానం లేటు భాయ్: 'చెయ్యి మంచిది. కాలం మంచిది కాదు.' ఆ రెండో వాక్యం నాకు ఎంతో బాగా కుదిరిందనిపించి డైరీలో కూడా ఎక్కించుకున్నాను.

శుక్రవారం పొద్దున గోదావరి ఆయన కుర్చీ వేసుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, నా కాగితం ఒళ్ళో పరుచుకుని కూర్చున్నారు. మేస్త్రీ అన్న మొదటి ఓవరు అలారానికే ఇచ్చాడు. మొదటి బంతి వైడు. రెండోదీ వైడే. మూడోది పక్కకు పోయి లెగ్ అంపైరుగా నిలబడిన కిరాణా కొట్టతని మోకాలికి తగిలింది. "రేయ్, స్టంపులు నువ్వే కదరా పాతింది, యాడున్నాయో మర్చిపోతివా?" అని మేస్త్రీ అన్న అరిచాడు. అలారం ముఖం వాడిపోయింది. నిజం చెప్పాలంటే వాడికి ఆ ఉద్యోగం మీద ఆశే లేదు, తీగలు వదిలి లారీ ఎక్కడం వాడికి ఇష్టమూ లేదు. నేను రాశాను కాబట్టి నా పరువు కోసం వేస్తున్నాడు. ఓవరు పూర్తయ్యేసరికి పద్నాలుగు బంతులయ్యాయి. గోదావరి ఆయన బంతి బంతికీ ఒకసారి కాగితం వైపు, ఒకసారి నా వైపు చూస్తున్నారు. నేను మాత్రం పెన్సిలు చెక్కుకుంటూ కూర్చున్నాను.

అప్పుడొచ్చింది ఒక పెద్ద తెల్ల కారు. ఇసుకలోకి దిగి, బౌండరీ గీత పక్కనే, దుమ్ము లేవకుండా ఆగింది. లేటు భాయ్ దిగాడు. వెనక సీట్లో ఒంటినిండా నల్ల అబాయా వేసుకున్న వాళ్ళ మామా, అంటే ఇంటి యజమానురాలు, ఆమె పక్కన ముసలి తల్లి. విషయమేమిటంటే, ఆ పొద్దున అతను మొదటిసారి నోరు తెరిచి మామాను ఒక గంట సెలవడిగాడు. పెద్దామెను చెల్లెలింటికి దింపాక వెళ్ళమని మామా అన్నది. అలాగైతే ఈవారం కూడా ఆలస్యమవుతుందని అతను అన్నాడు. పెద్దామె, "ఏమిటా ఆట, దారిలోనే కదా, చూసి పోదాం" అన్నదట. కారు ఇంజను ఆపకుండా, లోపల చల్లగా ఉండేలా చూసి, అతను బూట్లు కూడా మార్చుకోకుండా మైదానంలోకి వచ్చాడు. మేస్త్రీ అన్న నన్ను వెనక నుంచి తోశాడు. "పో సామీ, నీకు అరబ్బీ వస్తాది కదా. ఒక్క ఓవరు అయిందాకా ఆయమ్మోళ్ళను మాటల్లో పెట్టు."

నాకొచ్చింది సైటు అరబ్బీ. సిమెంటు, ఇసుక, త్వరగా, ఆలస్యం. ఆ నాలుగు మాటలతో వెళ్ళి కారు పక్కన నిలబడ్డాను. పెద్దామె అద్దం దించి, నా డైరీ వైపు వేలు చూపించి, "శిను హాదా?" అంది. ఇదేమిటని. పట్టీ చూపించాను. ఒకటి, రెండు, మూడు అని వేళ్ళతో చెప్పాను. "మా డ్రైవరు ఏడి?" అంది. ఐదు వేళ్ళు చూపించాను.

"లేష్?" ఎందుకు?

"ఆలస్యం," అన్నాను, నాకు బాగా వచ్చిన మాట కాబట్టి గట్టిగానే అన్నాను. "ప్రతి శుక్రవారం. ఇరవై నిమిషాలు. ముప్పై నిమిషాలు." ఎర్ర అంకెలన్నీ వరసగా చూపించాను.

ఆమె వాటి మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చూసింది. తర్వాత మామా వైపు తిరిగి ఏదో అని పకపకా నవ్వింది. మామా తనకొచ్చిన హిందీ ముక్కలు కలిపి నాకు తెలిసేలా నెమ్మదిగా చెప్పింది. "మా అమ్మ అంటోంది, ఇవి అతని నిమిషాలు కావట, ఆమె మోకాళ్ళవట. మా మెట్లు దిగడానికి పది, మా పిన్ని, ఖాలా ఇంటి మెట్లు ఎక్కడానికి పదిహేను. చెయ్యి పట్టుకుని ఎక్కించేది అతనే. నొప్పి ఎక్కువైతే మధ్యలో కూర్చుంటుంది. అతను నిలబడతాడు. యల్లా, త్వరగా, అనడు."

నేను ఎర్ర అంకెల వైపు చూశాను. ఆరు నెలలుగా ఒక ముసలామె మోకాళ్ళ నొప్పిని, వారం వారం, తేదీలతో సహా, తప్పు లేకుండా రాశాను. పేరు మాత్రం వేరేవాళ్ళది వేశాను.

మైదానంలో కేకలు వినిపించి ముగ్గురం అటు తిరిగాం. లేటు భాయ్ రెండో బంతికే వికెట్ తీశాడు. అతని బంతి పెద్ద వేగంగా పోదు. పిచ్ మీద పడ్డాక, సిగ్నలు దగ్గర కారు ఆగినట్టు మెత్తగా ఒక్క క్షణం ఆగుతుంది. ఆ క్షణంలో బ్యాట్స్‌మన్ బ్యాటు తిప్పేసి ఉంటాడు. పెద్దామె సీటు మీద కొట్టి, "జైన్! జైన్!" అని మెచ్చుకుని, "ఇతను బ్రేకు కూడా ఇట్లాగే వేస్తాడు. నా చేతిలో చాయ్ తొణకదు," అందని మామా చెప్పింది. ఐదో బంతికి ఇంకో వికెట్. ఆ ఒక్క ఓవరుతో ఆమె నా కన్నా మంచి అంచనా వేసింది, అదీ ఆట పేరు కూడా తెలియకుండా.

గోదావరి ఆయన కుర్చీలోంచి లేచి వచ్చారు. కాగితం నాకు చూపించి, "ఏవండీ, దీన్ని కిందనించి పైకి సదవాలేటండీ?" అన్నారు.

"అవునండీ," అన్నాను. నా ఉద్యోగ జీవితంలో నేను రాసిన కాగితం తప్పని ఒప్పుకున్నది అదే మొదలు. సంతకం కింద సవరణ రాసి మళ్ళీ సంతకం చేశాను.

అయితే అసలు తాళం ఆయన దగ్గర లేదు. ఉద్యోగం మారాలంటే రిలీజ్ ఇవ్వాల్సింది కఫీల్. కాగితాల్లో కఫీల్ ఇంటి యజమానే గానీ, మామా చెప్పిన చోట ఆయన సంతకం పెడతాడని ఊరంతటికీ తెలుసు. నాకొచ్చిన నాలుగు మాటలకు చేతులూ కాళ్ళూ కలిపి, కంపెనీ, సెలవు, పాప, గజ్జెలు అన్నీ చెప్పాను. గజ్జెలు చెప్పడానికి ఇసుకలో రెండడుగులు నాట్యం కూడా చేశాను. (మా జట్టువాళ్ళు దాన్ని ఏడాది పాటు మర్చిపోనివ్వలేదు.) మామా ముఖం గంభీరంగా పెట్టి, "ఇన్షా అల్లా" అంది. ఆ మాటకు అవును అనే అర్థం ఎన్నిసార్లుంటుందో, ఇంకోటి ఎన్నిసార్లుంటుందో గల్ఫ్‌లో పనిచేసిన వాళ్ళెవరినడిగినా చెబుతారు. లేటు భాయ్ స్టీరింగు ముందు కూర్చుని వాళ్ళను తీసుకెళ్ళిపోయాడు, దుమ్ము లేవకుండా.

రెండు శుక్రవారాలు కబురు లేదు. మూడో శుక్రవారం వచ్చి చెప్పాడు. "పెద్దామె ఒప్పిచ్చింది న్నా. కొత్త డ్రైవరు వస్తాడంట. ఆయప్పకు నేనే నేర్పియ్యల్ల. ఆమె ఎనక సీట్లో చాయ్ గ్లాసు నిండుగా పట్టుకోని కూచుంటాది. తొణకనప్పుడు నన్ను వదుల్తారంట."

"తొణుకుతోందా?"

"మొన్న అబాయా అంతా తడిసె న్నా," అన్నాడు దిగులుగా, కానీ కళ్ళు నవ్వుతున్నాయి. ఐదు వారాలు పట్టింది. ఆరో వారం చాయ్ నిలబడింది. ఆ పై ఏడాది అతను సెలవు మీద రాయచోటికి వెళ్ళొచ్చి, పాప మొదటి రోజు వాళ్ళమ్మ వెనక దాక్కుందనీ, మూడో రోజు భుజాలు దిగనంటే దిగనందనీ చెప్పాడు. తర్వాత లారీల జట్టు తరఫున మా మీదే ఆడి మేస్త్రీ అన్నను మొదటి బంతికే అవుట్ చేశాడు. మ్యాచ్‌కు అందరికన్నా ముందొచ్చాడు కూడా. నేను ఆలస్యం గడి ఖాళీగా వదిలేశాను.

ఇప్పుడు రిటైరై, కువైట్‌లోనే మహబూలా దగ్గరి ఎగైలాలో ఉన్న మా అమ్మాయి వాళ్ళింటికి వచ్చి ఉన్నాను. మహబూలాలో మిగిలిన ఆ కాస్త ఇసుకలో ఇంకా శుక్రవారం మ్యాచ్‌లు జరుగుతున్నాయని తెలిసి, తీసుకెళ్ళమని అల్లుణ్ణి అడిగాను. లిఫ్టు పనిచేయడం లేదు. మూడంతస్తులు, ఒక్కో మెట్టూ పట్టుకుని దిగుతున్నాను. అల్లుడు కింద కారు తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు. "నిదానంగా రా మామా," అన్నాడు. యల్లా అనలేదు.

అక్కడ కొత్త బౌలర్లు నలుగురున్నారు. ఒక పొట్టి కుర్రాడి చేతిలో ఏదో ఉంది, నాకు బాగా నచ్చాడు. అలవాటు కొద్దీ డైరీ తీసి గీతలు గీశాను. ఈసారి 'ఎందుకు' అనే గడి అన్నిటికన్నా వెడల్పుగా పెట్టాను. మొదటి వరసలో మొదట నా పేరే రాసుకున్నాను: ఆలస్యం, పద్దెనిమిది నిమిషాలు. ఎందుకు: మోకాళ్ళు.