ల్యాబ్ కంప్యూటరుకు పేర్లు నేర్పిన రోజు

ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసుకునే అతన్ని అందరూ వైర్ల బాబాయి అనేవారు. యాభై దాటినా పెళ్లి చేసుకోలేదు. తల్లి పోయాక తనను పెంచి పెద్దచేసిన అక్కతోనే ఉండేవాడు. ఇప్పుడా అక్క అదే ఆసుపత్రిలో, పై అంతస్తు వార్డులో, కిటికీ పక్క మంచం మీద ఉంది. ఆమె కడుపులోంచి తీసిన చిన్న ముక్క పరీక్ష కోసం ల్యాబ్‌కి వెళ్లింది.

ఆ వారమే ల్యాబ్ కంప్యూటరు కాలిపోయింది. కొత్తది తెచ్చి యూనిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించారు గానీ, రిపోర్టులు వార్డులకు పోవడం లేదు. బాబాయి కూర్చుని చూశాడు. రిపోర్టులు అందుకునే వార్డు సర్వర్‌ని అంకెల చిరునామాతో పిలిస్తే పలుకుతోంది. పేరుతో పిలిస్తే, అలాంటిదేదీ లేదంటోంది.

మధ్యాహ్నం అక్కతో అదే చెప్పాడు.

“మన పెదనాన్నలాగన్నమాట. సొంత కూతుళ్లనే ‘ఏమోయ్, నువ్వే’ అనేవాడు,” అంటూ ఆమె నవ్వబోయి దగ్గింది.

“ఆయనకి పక్కనుంచి పెద్దమ్మ పేర్లు అందించేది కదక్కా. దీనికీ అలా అందించే సర్వర్ ఒకటుంది. అదెక్కడుందో దీనికి తెలియట్లేదు.”

తిరిగొచ్చి, ఆ సర్వర్ చిరునామా ఉండే చిన్న ఫైలు తెరిచాడు. ఎప్పుడో తీసేసిన పాత సర్వర్‌ది ఉంది. దిద్దాడు. పేరుతో పిలిస్తే పలికింది.

“హమ్మయ్య. ఇక పంపేయనా?” అంది ల్యాబ్ అమ్మాయి.

“ఆగమ్మా. ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయనీ.”

ఆన్ చేస్తే కథ మొదటికొచ్చింది. నెట్‌వర్క్‌ని లేపే ప్రోగ్రాము, లేచినప్పుడల్లా ఆ ఫైలును తన సెట్టింగుల్లో ఉన్న పాత చిరునామాతో తిరగరాస్తోంది.

బాబాయి కీబోర్డు మీంచి చేతులు తీశాడు. రేపు చూద్దామన్నా ఎవరూ ఏమీ అనరు. ఇది మూగగా ఉన్నంతసేపూ అక్క జబ్బుకు ఒక పేరంటూ ఉండదు. ఆ ఆలోచనకు తనకే సిగ్గేసింది. బయట వరండాలో రిపోర్టుల కోసం జనం గోడలకు ఆనుకుని నిలబడి ఉన్నారు.

ఈసారి చిరునామాను ఆ ప్రోగ్రాము సెట్టింగుల్లోనే రాశాడు. ఆపి ఆన్ చేశాడు. నిలిచింది. పేరుకుపోయిన రిపోర్టులు ఒకదాని వెనక ఒకటి కదిలాయి.

కాసేపటికి అమ్మాయి గొంతు తగ్గింది. “బాబాయ్, అక్కగారిదీ ఉంది.”

“పంపించమ్మా.”

“మీరు చూడరా?”

“డాక్టరుగారు చెబుతారులే.”

ఆ గొంతులోనే అతనికి సగం అర్థమైపోయింది. మిగతా సగం డాక్టరు మెట్ల దగ్గర చెప్పాడు. ఆపరేషన్ చేసే దశ దాటిపోయింది.

“ఏమన్నార్రా?” అంది అక్క. ఆమె దగ్గర అబద్ధం ఎన్నడూ అతని నోరు దాటలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. ఆమె దుప్పటి పక్కకి తీసింది.

“అయితే ఇంటికి పోదాం పదరా. ఇక్కడ నిద్ర పట్టట్లేదు.”

సెలవు పెట్టి తీసుకెళ్లాడు. ఎండలు తగ్గకముందే ఆమె పోయింది.

తర్వాత పనిలోకి వచ్చాడు. సాయంత్రం అందరూ వెళ్లిపోయినా, బాగానే ఉన్న వైర్లను మళ్లీ మళ్లీ సర్దుతూ అక్కడే ఉండేవాడు.