వెంకన్న బొంత

కామాక్షమ్మ చేతికి గుడ్డ చిక్కితే అది బొంతయిపోవాల్సిందే. పాత చీరలయ్యాయి, మొగుడు గంగరాజుగారి పంచెలయ్యాయి. వాడపల్లి తీర్థంలో కొన్న గుడ్డ మీద నిలువెత్తు వెంకటేశ్వరస్వామి అచ్చు కనబడితే, సూదిని నూనెతలకి రాసుకుంటూ ఆయన్నీ బొంత నడిమధ్యన పెట్టి కుట్టేసింది. తీరా మంచమ్మీద పరిచాక, భోంచేసి నడుం వాల్చబోయిన గంగరాజుగారి కాలు గాల్లోనే ఆగిపోయింది.

“స్వామి మీద కాళ్ళెలా పెట్టమంటావే? అపచారం కాదూ!”

కామాక్షమ్మకి తన పొరపాటు అప్పుడు తెలిసింది. కానీ ఒప్పుకుంటే ఆవిడ కామాక్షమ్మ ఎందుకవుతుంది? బొంత అంచున మిగిలిన దారం పంటితో తెంపి అంది:

“ఆయ్, పట్టపగలు పడుకునేవాళ్ళకండీ ఆ బెంగ. పొలం వెళ్ళి రండి.”

గంగరాజుగారు చెంపలేసుకుని, చెప్పులేసుకున్నారు. కొండ మీద యుగాలుగా నిలబడే ఉన్న స్వామి, ఆ మధ్యాహ్నం గంగరాజుగారి మంచమ్మీద హాయిగా నడుం వాల్చారు.