పాచికి కావలసిన చీకటి

మా అమ్మీ ప్రతి శుక్రవారం పొద్దున నీళ్ల గోలెం బోర్లించి, కొబ్బరి పీచుతో పాచి వదిలేదాకా రుద్దేది. అలాంటి ఇంట్లో పుట్టి నేను పాచి మీద పరిశోధన చేస్తానన్నాను. "జర సోంచాయించుకో బేటా, లోకమంతా కడుక్కునేదాన్ని నువ్వు కొలుస్తవా?" అని ఆమె నవ్విన నవ్వు మా గల్లీ అంతా వినిపించింది.

అది తెలంగాణ వచ్చిన కొత్తల్లో. భువనగిరి దగ్గర మా ఊరి చెరువులో మోకాలి లోతు నీళ్ల దాకా తామర పరుచుకుని ఉండేది. నీళ్లలో మునిగిన కాడల మీద ఆకుపచ్చటి పాచి మెత్తగా పట్టి ఉండేది. ఎండ ఎక్కేకొద్దీ దానిలోంచి ఆక్సిజన్ బుడగలు లేచేవి. చెరువులో చేపల ఊపిరికీ నత్తల తిండికీ ఆ పాచి ఆధారం. ఆ బుడగలు చూస్తూ కూర్చుంటే నాకు ఆకలి కూడా గుర్తుండేది కాదు.

కొలిచే పద్ధతి తేలికే. పాచి గీకి, చెరువు నీళ్లలో కలిపి, రెండు గాజు సీసాల్లో నింపి, కర్రకు కట్టి మధ్యాహ్నం దాకా నీళ్లలో వేలాడదీయాలి. ఒక సీసాకు వెలుగు తగలాలి, రెండోదానికి అసలు తగలకూడదు. వెలుగులో పాచి ఆక్సిజన్ తయారుచేస్తుంది. చీకట్లో ఉన్నది వాడుకుంటుంది. తర్వాత ఆక్సిజన్ ఎంతుందో రంగులో చూపించే మందు చుక్కలు వేస్తే మొదటి సీసాలో ముదురు గోధుమ రంగు, రెండోదాంట్లో లేత రంగు రావాలి.

నాకు రెండూ ముదురుగానే వచ్చాయి. చీకటి సీసాకు చుట్టిన రేకు కాగితం తామర కాడలకు తగిలి చిరిగిపోతోందని, అమ్మీ పాత బుర్ఖా ముక్క చుట్టాను. అయినా అంతే. "వచ్చే వారం కూడా తేడా రాకుంటే ఇది ఆపేసి, ల్యాబ్‌లో మిరపాకు మచ్చల మీద చేసుకో," అన్నారు నా పరిశోధన చూసే మేడం. మిరపాకుల మీద నాకు కోపమేం లేదు. కానీ చెరువు వదలాలంటే ఏడుపొచ్చింది. ఇంటికొచ్చి నిజంగానే ఏడ్చాను.

అమ్మీ తీగ మీద ఆరేసిన ఆ బుర్ఖా ముక్కను తీసి ఎండకెత్తి పట్టింది. అవతల మా జామచెట్టు కొమ్మలు కనబడ్డాయి. ఎన్నేళ్లు ఉతికితే బట్ట అంత పలచబడిందో! ఇన్నాళ్లూ సీసాలోకి వెలుగు దూరుతూనే ఉందన్నమాట.

"గిది చీకటా? నా తలకాయ," అంటూ అమ్మీ బీరువా తెరిచింది. నార్కట్‌పల్లిలో మా మేనమామ కూతురి పెళ్లికని కొన్న కొత్త బుర్ఖా బయటికి తీసింది. ఎట్లాగూ పొడుగుంది, అంచు కత్తిరించాల్సిందేనన్నది. సీసా తెప్పించుకుని, రెండు మడతలు రావాలనీ మూత కూడా కప్పాలనీ కొలిచింది. కత్తెర నేను అనుకున్నదానికన్నా చాలా పైకి పోయింది. "అమ్మీ, చాలు!" అని అరిచినా ఆగలేదు.

ఆ వారం నేను సీసాల్లో మందు వేస్తుంటే అమ్మీ కూడా చెరువు కట్ట మీద నా పక్కనే కూర్చుంది. వెలుగు సీసా బెల్లం పాకం రంగుకు తిరిగింది. చీకటి సీసా పాలెక్కువైన చాయ్ రంగు దగ్గరే ఆగిపోయింది. మేమిద్దరం అరిచిన అరుపుకు కొంగలు లేచిపోయాయి.

పెళ్లిలో అమ్మీ బుర్ఖా కింద సల్వార్ జానెడు కనబడింది. మా పక్కింటి పెద్దమ్మ ఆమె చెవి దగ్గరికి వంగి, "గిదేంది చెల్లె, గింత పొట్టిగ కుట్టిచ్చినవు?" అని అడిగింది.

"మా పిల్లకు జర చీకటి తక్కువ పడ్డది," అన్నది అమ్మీ, పళ్లెంలో ఇంకో ముక్క వేసుకుంటూ. "ఇచ్చిన."