డ్రాయింగ్ సారు, జాజు ఎద్దు

డ్రాయింగ్ సారు పోయారన్న కబురు వచ్చినప్పుడు నేను జిరాక్స్ మెషీన్ ముందు నిలబడి ఉన్నాను. ఫోన్ చేసింది సారు భార్య. ఆయన దగ్గర చదువుకున్న వాళ్ళమంతా ఆమెను అమ్మా అనే పిలుస్తాం. "సారు పొద్దుగాల లేవలే బిడ్డా. నిద్రలనే పోయిండు," అని, "నువ్వు తెచ్చిన ఫొటో దిండు కిందనే ఉన్నది," అంది. మెషీన్ ఎవరిదో ఆధార్ కార్డు కాపీలు తీస్తూనే ఉంది. ఆపాలని కూడా తోచలేదు. ఆ ఫొటో మాట వినగానే నాకు ఏడుపు కన్నా ముందు సిగ్గు ముంచుకొచ్చింది. ఎందుకో చెప్పుకుంటే తప్ప సారును తలుచుకునే అర్హత నాకు లేదనిపించి ఇది రాస్తున్నాను.

శంషాబాద్ మెయిన్ రోడ్డు మీద నాది చిన్న జిరాక్స్ షాపు. చిన్నప్పుడు సర్కారు బడిలో సారు మాకు డ్రాయింగ్ చెప్పారు. చెప్పారు అనడం కూడా ఎక్కువే. బోర్డు మీద ఒక కుండ గీసి, "గీయుండ్రి" అనేసి, కిటికీలోంచి గుట్టల వైపు చూస్తూ కూర్చునేవారు. ఆదివారం మాత్రం వేరే మనిషి. తలకు రుమాలు కట్టుకుని, గుడ్డ సంచిలో మాకు తినడానికి సర్వపిండి డబ్బా పెట్టుకుని, వచ్చినవాళ్ళందరినీ చెరువు కట్ట మీదుగా అడవిలోకి నడిపించేవారు. సీతాఫలం పొదలు, మోదుగ చెట్లు, ఎక్కడో నెమలి అరుపు, ఆ తర్వాత ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న పెద్ద పెద్ద రాతి గుండ్లు. వాటిలో ఒకటి చెరువు వైపు గొడుగులా వంగి ఉంటుంది. దాని కింద దూరి తల పైకెత్తితే, రాతి కప్పు మీద ఎర్రటి ఎద్దు.

పెద్ద మూపురం, లోపలికి తిరిగిన కొమ్ములు, సన్నటి కాళ్ళు. మొదటిసారి చూసినప్పుడు నోరు తెరుచుకుని ఉండిపోయాను. "ఎవరు గీసిండ్రు సార్?" అని అడిగితే, "పేరు రాసుకోలే బిడ్డా. మన ఊరు గిట్ల ఏం లేనప్పటి మనిషి. రంగు మాత్రం నీకెర్కే. మీ అవ్వ గోడకు పూసే జాజే," అన్నారు. ఆ సాయంత్రం మా అవ్వ అరుగుకు ఎర్రమట్టి జాజు పూస్తుంటే పక్కనే కూర్చుని ఆమె వేళ్ళనే చూశాను. "ఏందే గట్ల సూస్తున్నవ్?" అని కసురుకుంది అవ్వ.

గుండు కిందికి వెళ్ళేముందు సారు చెప్పులు బయట విప్పేవారు. దేవుడని కాదు. "ఒకరి ఇల్లు గదా," అనేవారు. నేను గట్టిగా మాట్లాడితే, "ఒర్రకు బిడ్డా, ఎద్దు బెదురుతది," అని నవ్వేవారు. నా గొంతు అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. తర్వాత ఎయిర్‌పోర్టు వచ్చింది. తల మీదుగా విమానం వస్తే సారు మాట మధ్యలో ఆపి ఒక వేలు పైకెత్తేవారు. అది పహాడీ షరీఫ్ వైపు తిరిగి చప్పుడు పూర్తిగా పోయాక, ఆగిన మాట దగ్గరే మళ్ళీ అందుకునేవారు. ఒక్కరోజు కూడా ఎక్కడ ఆపారో మరిచిపోయింది లేదు.

ఇక నీళ్ళ సంగతి. ఎద్దు మామూలుగా మసకగానే ఉండేది. సారు చెరువులోంచి బాటిల్ నింపుకొచ్చి, దోసిట్లో పోసుకుని పైకి చిమ్మేవారు. తడి తగలగానే ఎద్దు చప్పున లేచి నిలబడేది, ఇప్పుడే పూసిన జాజులా. కప్పు మీది నుంచి చుక్కలు మా మొహాల మీద రాలేవి. చప్పట్లు కొట్టేవాళ్ళం. "ఇంకొక్కసారి సార్!" అని అందరికన్నా గట్టిగా అరిచింది నేనే. ఏటేటా కొత్త పిల్లలు వచ్చేవారు. ప్రతి ఆదివారం సారు నీళ్ళు చల్లేవారు.

నేను షాపు పెట్టుకున్నాక కూడా ఆదివారాలు వెళ్ళేదాన్ని. ఆ కొత్తలో ఒక ఎండాకాలం, సారు ఆ కప్పు కేసి చాలాసేపు చూసి, నా చేయి పట్టుకుని దగ్గరికి లాగారు. ఎద్దు మూపురం మీద తెల్లటి పొర. "నీళ్ళల్ల ఉప్పుంటది. చల్లినప్పుడల్లా అది ఎండి పేరుకుంటది. నాకు తెల్వకపాయె. నా చేతులతోనే దానికి తెల్లబట్ట కప్పిన బిడ్డా," అన్నారు. ఆ రోజు సర్వపిండి డబ్బా మూత తీయలేదు.

అప్పటినుంచి బాటిళ్ళు కూడా చెప్పుల దగ్గరే ఉండాలని నియమం పెట్టారు. "మరి ఎట్ల కనపడ్తది సార్?" అంటే, "జర కూసో. ఎందుకంత పరేషాన్? పొద్దు పొడిచినంక చెరువే సూపిస్తది," అనేవారు. మనసుకు సర్దిచెప్పుకునే మాటలే అనుకున్నాను. ఇంటి పని తెముల్చుకుని నేను చేరేసరికి ఎప్పుడూ ఎనిమిది దాటేది. పావుగంట నిలబడి, "గిరాకీ పోతది సార్" అని పరుగు. "పో, పో. ఎద్దేం ఉరికిపోదు," అనేవారు.

ఈమధ్య జబ్బు చేసి, దవాఖాన నుంచి ఇంటికి తెచ్చాక సారు మంచం దిగలేదు. చూడ్డానికి వెళ్తే, "జర ఎద్దును సూసి రా బిడ్డా. ఉన్నదో, పోయిందో," అని అడిగారు. ముప్పై ఏళ్ళలో నన్ను ఆయన అడిగిన పని అదొక్కటే. మిట్టమధ్యాహ్నం షాపు వదిలి, స్కూటీ మీద కట్ట దాకా పోయి, గుట్టెక్కాను. కప్పు మీద తెల్లటి పొర తప్ప ఏమీ కనిపించలేదు. తల అటు తిప్పాను, ఇటు తిప్పాను. లేదు. పోయిందని ఆయనతో ఎలా చెప్పను? చేతిలో సగం బాటిల్ నీళ్ళున్నాయి. చిమ్మాను. ఎద్దు లేచింది. ఫొటో తీసుకుని, షాపులో కలర్ ప్రింటు వేసి పట్టుకెళ్ళాను.

సారు కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. "మంచిగున్నది," అన్నారు. తర్వాత మెల్లగా, "నీళ్ళు చల్లినవా?"

"లేదు సార్. మబ్బు పట్టింది గదా, గాలిల తేమకు గట్ల కనపడ్డది." ఎంత సాఫీగా వచ్చిందో ఆ అబద్ధం!

ఆయన ఫొటోను దిండు కింద పెట్టుకున్నారు. "చాయ్ తాగిపో," అన్నారు. గడప దాటుతుంటే మాత్రం వెనక నుంచి, "మల్ల పోతే పొద్దు పొడవకముందు పో. బాటిల్ తీస్కపోకు," అన్నారు. నాలుగు రోజులకు అమ్మ ఫోన్ వచ్చింది. తెల్లబట్ట కప్పిన సారును చూసి నేను ఏడ్చిన ఏడుపు చూసి, చిన్నప్పటి నుంచి ఎంత ప్రేమో అనుకున్నారు జనం. ప్రేమే. కానీ అదొక్కటే కాదు.

పెద్దకర్మ అయిన మర్నాడు తెల్లారకముందే వెళ్ళాను. నీళ్ళు తీసుకెళ్ళలేదు. చెప్పులు బయట విప్పి గుండు కింద కూర్చున్నాను. కట్ట మీద తీతువులు అరుస్తున్నాయి. కప్పు మీద ఏమీ లేదు. "సార్, నేను నీళ్ళు..." అని పైకే మొదలుపెట్టాను. అంతలో విమానం వచ్చింది. నాకు తెలియకుండానే వేలు ఎత్తి పట్టుకున్నాను. చప్పుడు పూర్తిగా పోయాక, "...చల్లిన. అబద్ధం చెప్పిన," అన్నాను.

అప్పుడు ఎదుటి ఒడ్డున పొద్దు పొడిచింది. దాని వెలుతురు చెరువు మీద పడి, అక్కడినుంచి ఎగిరి గుండు కిందికి వచ్చింది. రాతి కప్పంతా వణుకుతున్న వెలుగు. తెల్ల పొర కింది నుంచి ముందు కొమ్ములు వచ్చాయి, తర్వాత మూపురం, తర్వాత సన్నటి కాళ్ళు. ఏడయ్యింది, ఇంటి పనంతా అలాగే ఉంది. నేను లేవలేదు. అలల వెలుతురులో ఎద్దు నడుస్తూనే ఉంది, పైనుంచి ఒక్క చుక్క కూడా రాలకుండా.